ఊరవతలి ఇల్లు, ఆదివారంలోగా బయానా

ప్రశ్న: నల్లగొండలో రామగిరి దగ్గర కిరాయికి ఉంటున్నాం. మా ఆయన చిట్యాల వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, జీతం 48 వేలు. నేను పెద్ద గడియారం సెంటర్ దగ్గర ప్రైవేటు బళ్లో టీచర్‌ను, 22 వేలు వస్తాయి. పాప నాలుగో తరగతి, బాబుకు నాలుగేళ్లు. అత్తమ్మకు 66 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఇంటి కోసం 14 లక్షలు కూడబెట్టుకున్నాం. నార్కట్‌పల్లి రోడ్డులో, ఊరికి 8 కిలోమీటర్ల అవతల ఒక వెంచర్‌లో 150 గజాల కొత్త ఇల్లు 46 లక్షలకు వస్తుందని ఆయన పట్టు. మా అమ్మవాళ్ల గల్లీకి దగ్గర్లో 62 లక్షల పాత ఇల్లు నాకు నచ్చింది. ‘నీకు ఇల్లు కాదు, మీ అమ్మ కావాలె’ అంటారాయన. ‘నన్ను తీస్కపోయి అడవిల పడేస్తరా’ అని అత్తమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆదివారంలోగా 2 లక్షలు బయానా ఇవ్వాలట. వారం నుంచి ఇంట్లో మాటల్లేవు. ఆయనకు ఎట్లా చెప్పాలి?
– ఒక సోదరి, నల్లగొండ

జవాబు: అమ్మా, ముందు మీకు రుచించని మాట. 62 లక్షల ఇల్లు మీ చేతికి అందదు. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, అది అప్పులో కలవదు, చేతి నుంచే పెట్టుకోవాలి. అంటే ఆ ఇంటికి మీ వాటా 12 లక్షల 40 వేలు, రిజిస్ట్రేషన్‌కు 4 లక్షల 65 వేలు, కలిపి 17 లక్షల పైచిలుకు. మీ దగ్గరున్నవి 14. మిగతా మూడు లక్షలు బంగారం కుదువపెట్టి తెచ్చినా, 49 లక్షల 60 వేల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 43 వేల ఈఎంఐ. ఇద్దరి జీతం 70 వేలు. ఇద్దరు పిల్లలతో, షుగరు మందులతో మిగిలిన 27 వేలలో నెల గడవదు.

ఆయన చూపిన 46 లక్షల ఇంటికి చేతి డబ్బు 12 లక్షల 65 వేలు, ఈఎంఐ 32 వేలు. బిగుతే, కానీ లాక్కురావచ్చు. మీ లెక్కకు పైహద్దు 48 లక్షలు అనుకోండి. కాబట్టి డబ్బు మీద ఆయనతో వాదన పెట్టుకోకండి, ఓడిపోతారు. పెట్రోలు మాటా ఎత్తొద్దు. మీకు రోజుకు 16 కిలోమీటర్లు పెరిగితే, ఆ ఇల్లు చిట్యాల దారిలోనే ఉంది గనక ఆయనకు అంతే తగ్గుతుంది. చెల్లుకు చెల్లు.

అసలు పేచీ అక్కడే ఉంది. ఆయన తన తొవ్వతో ఇల్లు కొలుస్తున్నారు, మీరు మీ తొవ్వతో కొలుస్తున్నారు. ఒక తెల్లకాయితం తీసుకుని ఇంట్లో ఐదుగురి పేర్లు రాయండి. పక్కన, ఒక మామూలు మంగళవారం నాడు ఎవరు ఎన్ని గంటలు ఇంట్లో మేలుకొని ఉంటారో వేయండి. షిఫ్టుకు పోయొచ్చే ఆయనకు మూడు నాలుగు గంటలు. మీకు ఆరేడు. బాబుకు పది. అత్తమ్మకు పదిహేను. ఎక్కువ గంటలు ఆ ఇంట్లో, ఆ వాడలో గడిపే మనిషిని ఈ పంచాయతీలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె ఏడుపు మొండితనం కాదు. పొద్దున తొమ్మిదికి మీరంతా తాళమేసినట్టు వెళ్లిపోతే సాయంత్రం దాకా తన గతేమిటని అడుగుతోంది. వాడ ఎంచుకునేది ఆ కాయితాన్ని బట్టి.

ఇక ఆ వెంచర్ సంగతి. కొనొద్దని చెప్పను, చూడకుండా కొనొద్దంటాను. మూడుసార్లు వెళ్లండి: పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి. ఏజెంటు కారులో కాదు, మీ బండి మీద.

రాత్రి వెళ్లినప్పుడు దీపాలు లెక్కపెట్టండి. వెంచర్లలో చాలా ప్లాట్లు రేటు పెరుగుతుందని కొనిపెట్టుకున్నవే. వాటిలో సర్కారు తుమ్మ, కంపచెట్లు మొలుస్తాయి, పాములు తిరుగుతాయి, వీధి దీపం కోసం కొట్లాడేవాళ్లుండరు. కట్టిన ఇళ్లలో మూడోవంతు కూడా వెలగకపోతే అది ఇంకా ఊరు కాలేదు, రెండు మూడేళ్లు ఆగాల్సిన జాగా. సాయంత్రం అరుగుల మీద, గేట్ల దగ్గర అత్తమ్మ ఈడు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తే ఆమె బెంగ సగం తీరినట్టే.

నీళ్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పేర్లు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది ఆ మండలాల గొడవే అనుకుంటారు చాలామంది. ఫ్లోరైడ్ గ్రానైటు రాతి నుంచి నీళ్లలోకి దిగుతుంది, ఆ రాయి జిల్లాలో చాలాచోట్ల కిందనే ఉంది. ఒక బోరులో తక్కువుండి వంద అడుగుల అవతలి బోరులో ఎక్కువుండొచ్చు. అందుకే ‘పక్కింటాయన నీళ్లు బాగానే ఉన్నాయి’ అంటే చాలదు, మీరు కొనే ఇంటి బోరు నీళ్లే పరీక్ష చేయించాలి.

ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకెళ్లండి. గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. మోటారు పది నిమిషాలు నడిచాక, ట్యాంకు నుంచి కాకుండా బోరు పైపు దగ్గరే పట్టండి. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, మూతి దాకా నింపి, తేదీ, ఇంటి నంబరు, బోరు లోతు రాసి అంటించండి. ఆ రోజే గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి జిల్లా ల్యాబ్‌లోగానీ, గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లోగానీ ఇవ్వండి. బ్యాక్టీరియా పరీక్షకు వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి. రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే తాగొద్దు. కరిగిన లవణాలు 500 లోపు ఉంటే మేలు, వేరే నీళ్లే లేనిచోట 2,000 దాకా ఓర్చుకోవచ్చు. నైట్రేటు 45 దాటకూడదు.

బాబుకు నాలుగేళ్లన్నారు. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ల దాకా. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్ల మీద పడే మచ్చలు తర్వాత పోవు. మరగబెడితే తగ్గుతుందనుకుంటారు. మరగబెడితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ పనిచేయదు. ఆర్వో పనిచేస్తుంది, అయితే తాగడానికే కాదు, అన్నం పప్పు వండడానికి కూడా ఆ నీళ్లే వాడాలి. పైగా ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. ఎండాకాలం ట్యాంకర్ కొనేచోట ఇది చిన్న సంగతి కాదు.

నైట్రేటు ఎందుకంటారా? ఊరవతల భూగర్భ మోరీలుండవు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. ఆ మురుగు నేలలోకి ఇంకితే బోరు నీళ్లలో నైట్రేటు పెరుగుతుంది. బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య కనీసం 15 మీటర్లు, అంటే 50 అడుగుల దూరం ఉండాలంటారు. 150 గజాల జాగా అంటే సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. మీ ఇంట్లో ఆ మూల ఇదీ ఈ మూల అదీ పెట్టినా గట్టిగా 50 అడుగులు దొరకదు, మళ్లీ పక్కింటివాళ్ల ట్యాంకు మీ గోడకు ఆనుకునే ఉంటుంది. బోరుకు కేసింగ్ పైపు గట్టిరాయి తగిలేదాకా వేశారా అని అడగండి.

నల్లా గురించి కూడా. మిషన్ భగీరథలో మనిషికి రోజుకు పల్లెల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్ల లెక్క. ఐదుగురికి వెంచర్‌లో 500, పట్టణంలో 675 అన్నమాట. కానీ అది కాయితం మీది లెక్క. వెంచర్‌కు ఆ లైను వచ్చిందా, వస్తే ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు? ఏజెంటును కాదు, బట్టలారేస్తున్న ఇల్లాలిని అడగండి. ఇంకో మాట కూడా అడగండి: ‘పోయిన మే నెలల ఎన్ని ట్యాంకర్లు తెప్పించిన్రు?’ ఐదు వేల లీటర్ల ట్యాంకర్ మీ ఇంటికి వారం వస్తుంది. నెలకు నాలుగు వేసుకుని, అక్కడి ధర కనుక్కుని మూడు నెలల ఖర్చు రాసుకోండి. గేట్ల ముందు నీలం డ్రమ్ములు వరసగా ఉంటే జవాబు అడగకుండానే దొరికినట్టు.

మధ్యాహ్నం వెళ్లినప్పుడు నేల చూడండి. ప్రహరీ గోడకు కింది నుంచి అడుగున్నర ఎత్తులో చెమ్మ గీత, తెల్లగా ఉప్పు పొడి ఉంటే అక్కడ వాననీరు నిలుస్తుంది, లేదా చౌడు నేల. నల్లరేగడి అయితే పునాది మొరం దాకా దింపారా అని మేస్త్రీని విడిగా అడగాలి. ఎండలకు నెర్రెలిచ్చి వానలకు ఉబ్బే నేల అది, గోడలకు మూలమూలన వచ్చే ఏటవాలు పగుళ్లు దాని సంతకం. ఆ చుట్టుపక్కల పశువులు మేపే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ‘ముసురు పట్టినప్పుడు నీళ్లు ఏడికెల్లి పోతయి తాతా?’ అని అడగండి. ఏజెంటు చెప్పని కుంట పేరు ఆయన చెబుతాడు. గూగుల్ ఎర్త్‌లో పదేళ్ల కిందటి చిత్రాలూ చూడొచ్చు. పది హెక్టార్లకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్ల లోపు, అంతకన్నా చిన్న కుంటకైతే 9 మీటర్ల లోపు ఇల్లు కట్టకూడదు.

పొద్దున ఎనిమిదికి వెళ్లమన్నది తొవ్వ కోసం. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు నాలుగు వరసలది. వెంచర్ ఏ పక్క ఉంది, యూటర్న్ ఎంత దూరం? కిలోమీటరున్నర అవతల ఉంటే అందరూ రాంగ్‌రూట్‌లోనే వస్తారు, రేపు పాపను వెనక కూర్చోబెట్టుకుని మీరూ వస్తారు. సర్వీసు రోడ్డు లేకపోతే నా లెక్కలో అది పెద్ద లోపం. స్కూలు వ్యాను వెంచర్ లోపలికి వస్తుందా, రోడ్డు మీదే ఆగుతుందా? ఆర్టీసీ బస్సు దిగి అత్తమ్మ నడకతో గేటు దాకా ఎన్ని నిమిషాలు? గడియారం పెట్టి చూడండి. రాత్రి ఒంటిగంటకు ఆమెకు షుగరు పడిపోతే ఏ బండి వస్తుంది, ఎంతసేపట్లో? ఇది కూడా ఆయనతోనే లెక్క వేయించండి.

కాయితాల పని ఆయనకే అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా (సర్కారు పేదలకు పంచిన అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ, చెరువు శిఖం భూములు అందులో ఉంటాయి), వ్యవసాయేతర మార్పిడి అయిందా, లేఔట్‌కు డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి తుదిదా లేక డ్రాఫ్టా, ఈ ప్లాటు, లేఔట్ పనులు పూర్తిచేస్తామన్న హామీకి వెంచర్‌వాళ్లు మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి తనఖా పెట్టిన 15 శాతంలోది కాదు కదా, ఇంటి అనుమతి ఎన్ని అంతస్తులకు, కట్టింది ఎన్ని? అనుమతి కింది అంతస్తుకే ఉండి పైన ఇంకోటి లేపి ఉంటే బ్యాంకు వాల్యుయేషన్ దగ్గర అప్పు తగ్గుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) 30 ఏళ్లకు తీయించి, లింకు డాక్యుమెంట్లతో (పాత యజమానుల దస్తావేజులతో) కలిపి వేరే వకీలుకు చూపించండి. అమ్మేవాళ్లు పంపిన వకీలుకు మాత్రం కాదు.

బయానా ఆదివారం ఇవ్వొద్దు. ఇచ్చేరోజు వచ్చినా నగదుగా వద్దు. ఇంటి కొనుగోలులో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కుగానో బ్యాంకు నుంచో, రాతపూర్వక ఒప్పందం మీద ఇవ్వండి. ‘బ్యాంకు లీగల్ పరిశీలనలో గానీ, నీటి పరీక్షలో గానీ తేడా వస్తే బయానా మొత్తం 15 రోజుల్లో తిరిగిస్తాం’ అన్న ఒక్క వాక్యం అందులో ఉండాలి. ఆ వాక్యం రాయనన్నవాడి తొందరకు కారణం వేరే ఉంటుంది. ఇంకోటి: ఈఎంఐలో మీ జీతం ఉంటుంది, అప్పు పత్రాల మీద మీ సంతకం ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో మీ పేరు లేకపోతే మీరు అప్పుకు మాత్రమే హక్కుదారు అవుతారు. ఇద్దరి పేర్ల మీద చేయించండి, ఈ మాట ఇప్పుడే అనండి.

మరి ఆయనకు ఎట్లా చెప్పాలంటారా. అమ్మగారిల్లు అన్న మాటకు ఎదురు చెప్పకండి, ఒప్పుకోండి. మధ్యాహ్నం మూడున్నరకు బడి విడిచాక మీరొచ్చేదాకా పిల్లలను ఇప్పుడు చూసేది మీ అమ్మే అయితే, అది సిగ్గుపడాల్సిన కారణం కాదు, ఇంటి ఖర్చులో లేని ఒక జీతం. ‘అవును, అమ్మ దగ్గరుండాలని ఉంది. ఎందుకంటే మూడున్నర నుంచి ఐదున్నర దాకా పిల్లలు ఎవరి దగ్గరుంటరు? నువ్వే చెప్పు’ అని అడగండి. తర్వాత ఇట్లా: ‘నేను చూపిన ఇల్లు మనకు అందదు, లెక్క వేసిన, వదిలేస్తున్న. నువ్వు చూపినదాన్ని వద్దంటలేను. నీళ్లు, తొవ్వ, కాయితం, ఈ మూడు చూసినంక బయానా ఇద్దాం. పదిహేను రోజులు అడుగుదాం.’ మీరు ముందుగా ఒకటి వదులుకున్నాక ఆ మాట ఆయన చెవికెక్కుతుంది. ఆదివారం రాకముందే ఒక రాత్రి భోజనాలయ్యాక, అత్తమ్మ ఎదుట కాకుండా చెప్పండి. తల్లి ముందు కొడుకు తగ్గడు.

ఆ పదిహేను రోజుల్లో ఇంకో పని. ఊరికి రెండు మూడు కిలోమీటర్ల లోపు, నల్లా ఉన్న, పది పదిహేనేళ్ల కిందటి కాలనీల్లో 48 లక్షల లోపు 100 నుంచి 120 గజాల ఇళ్లు వెతకండి. కొత్త రంగులుండవు, కారు పెట్టే జాగా ఉండకపోవచ్చు. ఆయనకు నచ్చనిది అదే అయితే ఆ ఒక్కదాని మీదే మాట్లాడుకోవచ్చు.

చివరికి వెంచర్ ఇల్లే తేలితే, గృహప్రవేశానికి ముందే అత్తమ్మను రెండు మూడు సాయంత్రాలు అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఆమె గది కింది అంతస్తులోనే, బాత్రూంకు నాలుగడుగుల దూరంలో ఉండాలి, గడప ఎత్తు తీయించి, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించండి. ఏ గది కావాలో ఆమెనే అడగండి. కిటికీ గల్లీ వైపు ఉన్నదాన్ని అడుగుతుంది, కొంచెం చిన్నదైనా అదే ఇవ్వండి.