రక్తపరీక్ష ఒక్కటే చేస్తే ఐబీడీ తేలుతుందా?

తేలదు, పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు తెచ్చే ఈ జబ్బుని ఖాయం చేయాలంటే కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగుని చూసే పరీక్ష) చేసి, పేగు గోడ నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపాల్సిందే. రక్తంలో సీఆర్‌పీ అనే ప్రొటీన్ పెరిగితే ఒంట్లో వాపు ఉందని మాత్రమే అర్థం, ఎక్కడుందో అది చెప్పదు. మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష దీనికన్నా నయం, ఎందుకంటే అది పేగు గోడకి చేరిన తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్. కాకపోతే ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది.

ఉదాహరణకి నెలల తరబడి రక్త విరేచనాలు అవుతూ కాల్‌ప్రొటెక్టిన్ గ్రాము మలానికి 600 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి, 50 లోపు ఉంటే మామూలు. ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుంటారు. తర్వాత కొలనోస్కోపీలో మలద్వారం దగ్గర్నుంచి పైకి ఎడం లేకుండా ఎర్రగా కనిపిస్తే ఐబీడీలో ఒక రకమైన అల్సరేటివ్ కొలైటిస్ అని, మధ్యమధ్య బాగున్న పేగుని వదిలేసి పుండ్లుంటే మరో రకమైన క్రోన్స్ అని అనుమానిస్తారు.

సీఆర్‌పీ నార్మల్ కాబట్టి జబ్బు లేదనుకోవడం పెద్ద పొరపాటు, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నా అది నార్మల్‌గానే ఉండొచ్చు.