జబ్బు వేరు, అంటడం వేరు

చిరంజీవి శ్రావణికి,

అత్తయ్య ఆశీస్సులు. నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, ఫ్లూ వైరస్ మీద పని చేయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో గర్వం ఎంతుందో టెన్షన్ కూడా అంతే ఉంది. నాకు మాత్రం సంతోషమే. నువ్వు పంపిన సినాప్సిస్ శ్రద్ధగా చదివాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ వైరస్‌లతోనే గడిపినదాన్ని కనుక, నాకు తోచినవి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందుగా నీ ప్రశ్నను రెండుగా విడగొట్టుకో. వైరస్ మనిషిని ఎలా జబ్బున పడేస్తుంది అన్నది ఒకటి. ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుంది అన్నది మరొకటి. నీ సినాప్సిస్‌లో రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. ప్రాణం తీసే వైరసే బాగా అంటుకుంటుందని ఎక్కడా లేదమ్మా. హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూనే చూడు. 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన మనుషుల కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. అయినా అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం లేదు. ఫ్లూ వైరస్ ఒంటి మీదుండే హీమాగ్లుటినిన్ ప్రొటీన్ మన కణాల మీది సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని లోపలికి వెళ్తుంది. పక్షుల వైరస్‌లకు అందులో ఆల్ఫా 2,3 రకం కావాలి. మనుషుల వైరస్‌లకు ఆల్ఫా 2,6 రకం కావాలి. మన ముక్కులో, గొంతులో ఎక్కువగా ఉన్నది రెండోది. మొదటిది ఊపిరితిత్తుల అడుగున ఉంటుంది. బర్డ్ ఫ్లూ అంత లోతుకు దిగితే న్యుమోనియాతో మనిషిని చంపేస్తుంది, కానీ అక్కడి నుంచి తుమ్ములోకి, దగ్గులోకి ఎక్కి బయటపడడం దానికి కష్టం. మామూలు ఫ్లూ ముక్కులోనే కాపురం పెట్టి, మనిషిని మంచాన పడేయకుండానే నలుగురికి పంచేస్తుంది. ఇది ఒక్కటే కారణం కాదు, వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడే పాలిమరేజ్‌లో మార్పులూ కావాలి. అది నీ గైడు ఎలాగూ చెబుతారు.

సార్స్, కోవిడ్ పక్కపక్కన పెట్టి చూడు. రెండు వైరస్‌లూ ఏసీఈ2 అనే ఒకే తలుపు తట్టి కణంలోకి వెళ్తాయి. 2003 సార్స్‌లో రోగి నుంచి వైరస్ ఎక్కువగా బయటికొచ్చేది జబ్బు మొదలైన పదో రోజు ప్రాంతంలో. అప్పటికి ఆ మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. అందుకే రోగుల్ని విడిగా ఉంచి దాన్ని ఆపగలిగారు. కోవిడ్‌లో ఒళ్లు వెచ్చబడకముందే మనిషి నుంచి వైరస్ బయటికొస్తోంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాకపోయింది.

జబ్బు ఎలా కలుగుతుందో చదివేటప్పుడు, పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ టీకా కథ తప్పకుండా చదువు. 1960ల్లో అమెరికాలో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను పసిపిల్లలకు టీకాగా వేశారు. తర్వాత ఆ పిల్లలకు నిజమైన ఆర్‌ఎస్‌వీ సోకినప్పుడు జబ్బు తగ్గకపోగా ముదిరింది. చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. వాళ్ల ఊపిరితిత్తులను దెబ్బతీసింది వైరస్ ఒక్కటే కాదు, దారి తప్పిన వాళ్ల ఒంటి రక్షణ వ్యవస్థ కూడా. ఆ వైరస్ కణంలోకి దూరడానికి వాడే ఎఫ్ ప్రొటీన్ కణంతో కలవకముందు ఎలాంటి ఆకారంలో ఉంటుందో 2013లో తెలిశాకే మంచి టీకాకు దారి దొరికింది. 2023కి గానీ టీకాలకు అనుమతి రాలేదు. అన్నేళ్ల ఆలస్యం వెనక ఆ ఇద్దరు పిల్లలున్నారని గుర్తుపెట్టుకుని చదువు.

ఇక వ్యాప్తి సంగతి. నీ దగ్గర నేను కోరుకుంటున్నది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఎలుకలు చవక, ఎక్కడైనా దొరుకుతాయి. జబ్బు చూడడానికి పనికొస్తాయి గానీ, వాటికి తుమ్ములు రావు, ఫ్లూ ఒకదాన్నుంచి ఒకదానికి సరిగా పాకదు. మనుషుల ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్‌లో మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్ అనే చిన్న జంతువుల్లో. ఫెర్రెట్ తుమ్మి పక్కనున్న పరిశోధకుడికే ఫ్లూ అంటించిన సంగతి విల్సన్ స్మిత్, స్టూవర్ట్ హారిస్ 1936లో రాశారు. 2007లో న్యూయార్క్‌లో గినీ పందులతో చేసిన ప్రయోగం నువ్వు సినాప్సిస్‌లో పెట్టావు. చలిగా, పొడిగా ఉన్న గాలిలో ఫ్లూ బాగా పాకింది, 30 డిగ్రీల దగ్గర గాలి ద్వారా పాకనే లేదు. మంచి ప్రయోగం. కానీ దాని తర్వాత 2008లో అదే బృందం రాసిన పేపరు నువ్వు వదిలేశావు. ఒకే పంజరంలో కలిపి ఉంచితే 30 డిగ్రీల్లో కూడా పాకిందని అందులో ఉంది.

మనకు ముఖ్యమైనది ఈ రెండో పేపరే. మన దేశంలో శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలో ముదురుతుంది. ఢిల్లీ, పుణె వైపు వానాకాలంలో. చెన్నై, వేలూరు వైపు ఈశాన్య రుతుపవనాల రోజుల్లో. మరి మన గోదావరి డెల్టా సంగతేమిటి? ఇక్కడ నైరుతి వానలూ పడతాయి, అక్టోబరు, నవంబరు తుపానులూ వస్తాయి. సంక్రాంతికి మంచు కమ్ముకుంటుంది, అదే వారంలో హైదరాబాద్, బెంగళూరు నుంచి బస్సులూ రైళ్లూ నిండి ఊళ్లోకి దిగుతాయి. చలి దేశం వాళ్ల ప్రశ్నను తెచ్చి గోదావరి గట్టు మీద నాటకు. ఇక్కడి తేమలో, ఇక్కడి ఇళ్లలో, ఇక్కడి జనం కలిసే తీరులో ఫ్లూ ఏ నెలలో ఎలా కదులుతోంది అని అడుగు.

దానికి జవాబు ఆసుపత్రి వార్డులో దొరకదు. వార్డుకు వచ్చినవాళ్లలో జబ్బు ముదిరినవాళ్లే ఎక్కువ, వైరస్ పంచే రోజులు చాలామందికి అప్పటికే అయిపోతాయి. అంటడం చూడాలంటే ఇళ్లకు వెళ్లాలి. ఒక ఇంట్లో మొదటి మనిషికి జ్వరం వచ్చిందని తెలిసిన రోజే వెళ్లి, ఆ ఇంట్లో మిగతా అందరికీ కొన్నాళ్ల పాటు రోజు విడిచి రోజు స్వాబ్ తీయాలి, లక్షణాలున్నా లేకపోయినా. ఎవరికి, ఎన్నో రోజున, ఎవరి పక్కన పడుకున్నందుకు వచ్చిందో రాసుకోవాలి. విసుగు పుట్టించే పని. ఆశా వర్కర్ల సాయం లేకుండా జరగదు, వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు నీ బడ్జెట్‌లో ముందే పెట్టు.

ఇంటి గాలి కూడా కొలువు. 5 మైక్రాన్లు దాటిన తుంపర వెంటనే కింద పడిపోతుందనే పాత లెక్క నిలవలేదు, అంతకంటే చాలా పెద్దవి కూడా గాలిలో తేలుతాయి. 2020 మార్చిలో అమెరికాలోని స్కాజిట్ లోయలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేస్తే, వచ్చిన 61 మందిలో మొదటి రోగితో కలిపి 53 మందికి కోవిడ్ వచ్చినట్టు తేల్చారు. రామాలయంలో తలుపులు మూసుకుని ధనుర్మాసం భజన చేసే మనవాళ్లని తలుచుకో. చేతిలో పట్టే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనుక్కో, మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చెబుతుంది. ఆరుబయట 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) దగ్గర చూపిస్తుంది. గది మూసుకుని నలుగురు పడుకుంటే అంకె ఎంతకు పెరుగుతుందో నువ్వే చూస్తావు. మా చిన్నప్పటి మండువా ఇళ్లు కోనసీమలో ఇంకా అక్కడక్కడా మిగిలాయి. నడిమధ్యన ఆకాశం కనిపించే ఆ ఇంట్లో ఫ్లూ పాకే తీరుకూ, ఏసీ వేసుకుని కిటికీలు మూసిన కొత్త డాబాలో పాకే తీరుకూ తేడా ఉందా? నాకు తెలుసుకోవాలని ఉంది. నీ థీసిస్‌లో ఒక అధ్యాయం దీనికే ఇవ్వమంటాను.

ఇక పక్షులు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను ఫారాల్లో కోళ్లు రాలిపోతే, హెచ్5ఎన్1 అని భోపాల్‌లోని జంతు వ్యాధుల ల్యాబ్ తేల్చింది. అందరూ ఫారాల వైపే చూశారు. నువ్వు బాతుల వైపు కూడా చూడు. సార్వా కోతలయ్యాక బాతుల మందలు దిగుతాయి. మోళ్ల మధ్య రాలిన గింజలు, నత్తలు ఏరుకుంటూ పంట బోదెలో ఈదుతాయి, రాత్రికి గట్టు మీద వల కట్టిన దొడ్లో పడుకుంటాయి. తెల్లారి కాపరి ఆ తడి గడ్డిలోంచి గుడ్లు ఏరతాడు, ఉత్త చేతులతో, ఉత్త కాళ్లతో. బాతుల్లో చాలాసార్లు వైరస్ ఉన్నా జబ్బు కనిపించదు, రెట్టలోంచి నీళ్లలో కలుస్తుంది. చల్లటి నీళ్లలో చాలా రోజులు బతుకుతుంది. ఇదే కాలంలో కొల్లేరుకు వలస పక్షులు వస్తాయి. బాతుల్ని పట్టి హింసించనక్కర్లేదు, దొడ్లోని తాజా రెట్ట, బోదె నీళ్లు తీసుకుంటే చాలు. కాపరి ముక్కు స్వాబ్, రక్తం అడగడం మాత్రం మర్చిపోకు. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర పుంజుల నెత్తురూ చొంగా తుడిచే వాళ్లనీ అడుగు. మందలున్న ఊళ్లలో గేదెల మీదా కన్నేసి ఉంచు. 2024లో అమెరికాలో హెచ్5ఎన్1 పాడి ఆవుల పొదుగుల్లో చేరి పాలలో బయటపడేదాకా అలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు.

వాళ్లతో మాట్లాడే తీరు నేర్చుకో. పక్షి రోగం అన్న మాట ఊళ్లో పుడితే చికెన్ ధర పడిపోతుంది, కాపరిని ఊరి నుంచి తరిమేస్తారు. "మీ బాతులకు రోగముందేమో చూస్తాం" అని మొదలుపెట్టకు. "బాబాయ్, మీ ఒంట్లో ఎలా ఉంటోంది?" అని మొదలుపెట్టు. బాగా ఉడికిన కూర, గుడ్డు తింటే ఏమీ కాదని అడిగిన ప్రతివాళ్లకూ ఓపిగ్గా చెప్పు. ఫలితం ఏదొచ్చినా ముందు వాళ్లకు తెలియాలి, ఆ తర్వాతే పేపరు.

స్వాబ్ నువ్వే స్వయంగా తీయడం నేర్చుకో. ముక్కులో పుల్లను పైకి కాదు, చెవి వైపు, అడుగు వెంట నేరుగా పోనివ్వాలి. ఆనినచోట కాసేపు ఆపి, మెల్లగా తిప్పి తీయాలి. వీటీఎం (వైరస్‌ను కాపాడే ద్రవం) గొట్టంలో ముంచి నొక్కు దగ్గర విరిచి, మూత గట్టిగా బిగించు. పేరు కాదు, కోడ్ రాయి, పెన్సిల్‌తో. వెంటనే ఐస్ పెట్టెలోకి. మూడు రోజుల్లోపు ల్యాబుకు చేరితే 4 డిగ్రీలు చాలు, ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 70. మధ్యలో మామూలు ఫ్రీజర్‌లో మైనస్ 20లో పెడితే ఫ్లూ వైరస్ చచ్చిపోతుంది. పీసీఆర్ అప్పుడు కూడా పాజిటివ్ చూపిస్తుంది, అది చచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏని కూడా పట్టుకుంటుంది. కల్చర్‌లో, అంటే ల్యాబులో పెంచిన కణాల్లో, పెరగనిదాన్ని 'అంటుకునే వైరస్' అని పేపర్లో రాయకు.

పక్షుల నుంచి వచ్చిన ఏ నమూనాతో అయినా వైరస్‌ను పెంచే ఆలోచన నీ చిన్న ల్యాబులో వద్దు. హెచ్5కి బీఎస్ఎల్-3, అంటే మూడో స్థాయి కట్టుదిట్టమైన భద్రత ఉన్న ల్యాబు, కావాలి. ఫూషియే, కవావొకా అనే పరిశోధకుల బృందాలు హెచ్5ను ఫెర్రెట్లలో గాలి ద్వారా పాకేలా చేసినప్పుడు, ప్రపంచమంతా బెదిరి 2012లో ఏడాది పాటు ఆ పని ఆపుకున్నారు. ఆ విద్యకు విలువ లేదనను. కానీ నీకు అది అవసరం లేదు. బోదెలో, బరిలో, పడకగదిలో వైరస్ తనంత తాను చేస్తున్నది చూడడానికే ఒక జన్మ చాలదు. ఎన్95 మాస్కు ముఖానికి సరిపోయిందో లేదో ఫిట్ టెస్ట్ చేయించుకున్నాకే దొడ్లో అడుగుపెట్టు. ఏటా ఫ్లూ టీకా వేయించుకో. అది హెచ్5ని ఆపదు గానీ, రెండు వైరస్‌లు నీ ఒంట్లో ఒకేసారి కలుసుకుని జన్యువుల ముక్కలు మార్చుకునే అవకాశం తగ్గిస్తుంది.

అంగీకార పత్రం తెలుగులో నువ్వే కూర్చుని రాయి, కంప్యూటర్ చేసిన అనువాదం కాపరికి అర్థం కాదు. మనుషుల నమూనాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి, పక్షులవాటికి పశుసంవర్ధక శాఖ అనుమతి విడివిడిగా కావాలి. కార్తీకం దాటేసరికి కోతలు ఊపందుకుంటాయి, ఆ లోపే రెండూ నీ చేతిలో ఉండాలి. చిత్తుప్రతి రాయగానే నాకు పంపు, వారంలో దిద్ది ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య