పంచాయతీ లెక్క చూడటానికి 5జీ ఫోన్ అక్కర్లేదు, టేపు కావాలి

మీరు అడిగింది ఇది: దేవరకొండ దగ్గర మీ ఊరు. పంచాయతీ ఎన్నికలయిన కాడి నుంచి వాట్సాప్ గ్రూపులో "పాత సర్పంచ్ ఇన్ని లక్షలు లేపిండు, కొత్తాయన కూడా మొదలుపెట్టిండు" అని రోజూ పంచాయితే. ఫోన్లో పంచాయతీ ఖర్చులన్నీ కనిపిస్తాయట కదా, ఎట్లా చూడాలి, నాలుగేండ్ల కిందటి ఫోన్ పనికొస్తదా, 5జీ ఫోన్ కొనాలా?

ముందు ఫోన్ సంగతి. కొనకండి. మెమొరీ చిప్‌ల ధర పెరిగి చిన్న ఫోన్ల రేట్లు కూడా పైకి పోయిన కాలం ఇది. 3 జీబీ ర్యామ్ ఉండి క్రోమ్ తెరుచుకునే ఏ ఆండ్రాయిడ్ ఫోనైనా ఈ పనికి సరిపోతది. పాత ఫోన్ మొరాయించేది ఎక్కువగా స్టోరేజీ నిండటం వల్లే. ఆ స్టోరేజీని నింపేది గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎన్నికల వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి పోయి, ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపండి. అక్కడే మేనేజ్ స్టోరేజ్‌లో పెద్ద వీడియోలు తీసేయండి. నాలుగైదు జీబీ ఖాళీ అయితే చాలు, ఫోన్ తేలికపడుతది. ప్రభుత్వ సైట్లు ఆలస్యంగా తెరుచుకోవడం చాలాసార్లు సర్వర్ మీది బరువు వల్ల. 5జీ ఉన్నా అది అట్లనే తిరుగుతది. పొద్దున్నే చూడండి, మధ్యాహ్నం కన్నా నయం.

ఎట్లయినా ఫోన్ మార్చాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. చందంపేట, నేరేడుగొమ్ము, అటు అమ్రాబాద్, పదర దిక్కు గుట్టల్లో 5జీ కన్నా 4జీ ఏ బ్యాండ్లలో, అంటే ఏ ఫ్రీక్వెన్సీల్లో, అందుతదో అది ముఖ్యం. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ దూరం పోతది, గోడలు దాటుతది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ వాడుతున్నారు, అంటే బ్యాండ్ 28. పాత ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండ్ లేదు. టవర్ పక్కనే ఉన్నా సిగ్నల్ సరిగా అందడం లేదని తిట్టుకునేవాళ్లు ముందు తమ ఫోన్ మోడల్‌కు ఆ బ్యాండ్ ఉందో లేదో చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే పైసలు ఇవ్వకముందే *#06# నొక్కండి. వచ్చిన 15 అంకెల నంబరును కేవైఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల తర్వాత ఖాళీ వదిలి 14422కు మెసేజ్ పెట్టండి. మోడల్ పేరు చేతిలోని ఫోన్‌తో కలవకపోయినా, బ్లాక్ అయినట్టు వచ్చినా వదిలేయండి.

ఇక లెక్కలు. రెండు దారులున్నాయి. ఒకటి ఈ-గ్రామ్ స్వరాజ్ సైటు, 2020 ఏప్రిల్ 24న మొదలైంది. రెండోది ప్లే స్టోర్‌లో దొరికే మేరీ పంచాయత్ యాప్. యాప్ చూడటానికి సులువు, సైటులో వివరం ఎక్కువ. సైటును క్రోమ్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో డెస్క్‌టాప్ సైట్ పెట్టి, ఫోన్ అడ్డంగా తిప్పండి. లేకుంటే పట్టికలో కుడివైపు గడులు, అంటే మనకు కావాల్సిన మొత్తాలే, కనిపించవు. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామ పంచాయతీ వరుసగా ఎంచుకోవాలి. మండలం పేరు దగ్గరే చాలామంది తడబడతారు. డిండిని గుండ్లపల్లి అని కూడా రాస్తారు. పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఉంటాయి కాబట్టి ఒక అక్షరం అటూఇటూగా వెతకండి. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉంటే ఎల్‌జీడీ కోడ్ చూసుకోండి. అది ప్రభుత్వం పంచాయతీకి ఇచ్చిన గుర్తింపు నంబరు, ఏ పంచాయతీది దానికే ఉంటది, సెక్రటరీని అడిగినా చెప్తారు. ఇంకోటి, మీది 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో కొత్తగా పంచాయతీ అయిన తండా అయితే మాతృ గ్రామం పేరు మీద వెతికి లాభం లేదు.

సంవత్సరం అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా. 2025 మే నెలలో జరిగిన చెల్లింపు 2025-26లో ఉంటది, 2025 ఫిబ్రవరిది 2024-25లో. ముందు ఆ ఏడాది ఆమోదించిన ప్రణాళిక తీసి, అందులో పనుల పేర్లు రాసుకోండి. తర్వాత చెల్లింపుల వోచర్లు తీసి, నంబరు, తేదీ, మొత్తం, ఎవరికి ఇచ్చారో రాసుకోండి. ప్రణాళికలో ఉండి వోచర్ లేని పని, వోచర్ ఉండి ప్రణాళికలో లేని పని, ఈ రెండూ వేరు పెట్టుకోండి. అడగాల్సిన ప్రశ్నలు అక్కడే ఉంటాయి.

గ్రూపులో గొడవ ఎక్కువగా పుట్టేది ఇప్పుడు చెప్పే దగ్గర. ఫోన్లో కనిపించేది పంచాయతీ పైసలన్నీ కాదు. అక్కడ వివరంగా కనిపించేది ముఖ్యంగా కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. ఇంటి పన్ను, నల్లా బిల్లు లాంటి సొంత ఆదాయం, రాష్ట్రం ఇచ్చే నిధులు, ఎమ్మెల్యే కోటాలో వచ్చే పనులు, ఉపాధి హామీ పనులు వేరే దారిలో నడుస్తాయి. ఊర్లో కొత్త సీసీ రోడ్డు కనిపిస్తుంది, సైటులో దాని వోచర్ లేదు, "రాయకుండా తిన్నరు" అని పోస్టు పెడతారు. ఆ రోడ్డును పంచాయతీ వేసిందే కాకపోవచ్చు. ఏ పద్దు కింద వేశారో ముందు అడగాలి.

15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడొచ్చు, కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు కాదు. "రోడ్డు వేయకుండా బోరు మోటారుకే ఎందుకు పెడుతున్నరు" అని సర్పంచ్‌ను నిలదీసే ముందు ఈ భాగం తెలుసుకుంటే సగం తగువులు ఉండవు.

సంతకం ఎవరిదో కూడా చూడాలి. 2019లో గెలిచిన సర్పంచ్‌ల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది. 2025 డిసెంబరులో ఎన్నికలు అయ్యేదాకా ప్రత్యేక అధికారులే నడిపిండ్రు. ఆ మధ్య కాలపు వోచర్లను పాత సర్పంచ్ మీదనో కొత్త సర్పంచ్ మీదనో వేయడం అన్యాయం. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకుంటే ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి. అందుకే ఆ సంవత్సరాల లెక్క పలుచగా కనిపిస్తే దొంగతనం అని అనుకోవద్దు. పని చేయించి, బిల్లు రాక, ఎస్టీవోలో, అంటే సబ్ ట్రెజరీ ఆఫీసులో, చెక్కు నెలల తరబడి ఆగి, వడ్డీలు కట్టుకున్న సర్పంచ్‌లు మన జిల్లాల్లో ఎంతోమంది. వాళ్లను దొంగలన్నట్టు రాయడం నాకు బాధనిపిస్తది. తిన్నవాళ్లను పట్టుకోవాలన్నా ముందు ఈ తేడా తెలియాలి.

ఇప్పుడు టేపు. వోచర్ మీద పైసలు ఎంతో ఉంటది గానీ, పని ఎంతో ఉండదు. పని ఎంతో ఉండేది ఎంబీలో, అంటే పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి రాసే పుస్తకంలో. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం రోడ్డు అయితే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. అదే రోడ్డు 12 సెంటీమీటర్లే పోస్తే 36. పొడవు, వెడల్పు చూసేవాళ్లకు సరిగ్గానే కనిపిస్తది, కాంక్రీటు మాత్రం ఐదో వంతు తగ్గింది. అందుకే మందం చూడాలి. పక్కన మొరం పోయకముందే అంచు బయట ఉంటది, అప్పుడే ఇటు మూడు చోట్ల, అటు మూడు చోట్ల కొలవండి. అంచు ఒక్కటే రుజువు కాదు, నడుమ ఎక్కువ తక్కువ ఉండొచ్చు. అనుమానం గట్టిదైతే కోర్ తీసి, అంటే రోడ్డుకు రంధ్రం వేసి కాంక్రీటు ముక్క తీసి, చూడమని అధికారులను రాతపూర్వకంగా అడగాలి. పొడవుకు 30 మీటర్ల టేపు వాడండి. ఫోన్లో కొలిచే యాప్‌లు, జీపీఎస్ దూరాలు వద్దు. జీపీఎస్‌లో నాలుగైదు మీటర్ల తేడా మామూలే, ఆ తేడా పట్టుకుని కొట్లాడితే మీరే మాట పడతారు.

వీధి లైట్ల బిల్లు తేల్చడం ఇంతకన్నా తేలిక. చీకటి పడ్డాక వార్డువారీగా స్తంభాలు లెక్కబెట్టండి: వెలిగేవి ఎన్ని, వెలగనివి ఎన్ని. వాట్లు, కంపెనీ పేరు బల్బు మీదే అచ్చై ఉంటాయి, మార్చేటప్పుడు పంచాయతీ సిబ్బంది కారోబార్‌ను అడిగితే చూపిస్తడు. పగలు కూడా లైట్లు వెలుగుతుంటే ఆ లైనుకు మూడో తీగ (వీధి లైట్లకే వేసే వేరే తీగ), స్విచ్ ఉన్నాయో లేదో చూడండి. లేకుంటే బల్బులు తొందరగా పోతాయి, కరెంటు బిల్లూ పెరుగుతది, మళ్లీ మళ్లీ బల్బుల వోచర్ వస్తది. ట్రాక్టర్ డీజిల్‌కు లాగ్‌బుక్, ఇంజిన్ గంటల మీటరు రెండూ కలిపి చూడాలి. చెత్త ట్రాలీకి గంటకు 3 నుంచి 4 లీటర్లు అనుకుని గుణిస్తే సుమారు లెక్క తెలుస్తది.

ఫొటోలు తీసేటప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదై, ఎక్కడ, ఎప్పుడు తీశారన్న సమాచారం పోతది. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫొటో ఫోన్లో ఉంచుకోండి. ఫొటో మీద తేదీ అచ్చువేసే యాప్‌లు చూడటానికి బాగుంటాయి కానీ ఆ అచ్చు మార్చొచ్చు, అదొక్కటే నమ్ముకోవద్దు.

కాగితాలు కావాలంటే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "ఐదేండ్ల మొత్తం లెక్కలు ఇవ్వండి" అని రాస్తే పని జరగదు, పేజీల ఖర్చు చూపించి జాప్యం చేస్తారు. "2025-26 సంవత్సరం, ఫలానా వోచర్ నంబరు, ఫలానా తేదీ, దాని బిల్లు, ఎస్టిమేటు, ఎంబీ పేజీలు, పంచాయతీ తీర్మానం నకళ్లు" అని ఒక్క పనికే అడగండి. ఎంబీ నకలు పంచాయతీలో లేదంటే మండలంలో ఏఈ ఆఫీసుకు ఇంకో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో రాకుంటే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు చేయాలి. ఆ గడువు వదులుకోవద్దు.

కొలతలు, కాగితాలు చేతికొచ్చాక గ్రూపులో పెట్టకండి, ముందు గ్రామసభలో అడగండి. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. "సర్పంచ్ గారూ, ఈ వోచర్ పనికి ఎంబీలో 15 సెంటీమీటర్ల మందం రాసుంది, అంచులో 12 వచ్చింది, ఏఈ గారిని పిలిపించి మళ్లీ కొలిపిద్దాం" అని అడిగితే ఊరోళ్లు మీ వెంట నిలబడతారు. ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయనంటే అదే ప్రశ్న కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

గ్రూపు గురించి ఒక హెచ్చరిక. ఇళ్ల జాబితా అనో, రైతుల పైసలు అనో, పంచాయతీ లెక్కలు అనో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ దిగే ఫైలు) వస్తే తెరవొద్దు. పంపింది మీ బావ అయినా సరే, ఆయన ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలోకి పోయి ఉండొచ్చు. అది మెసేజ్‌లు చదివి ఓటీపీలు లాగుతది. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే దించండి. ఎవరైనా పొరపాటున తెరిచి పైసలు పోతే నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే ఆ పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

గ్రామసభలో తేలకుంటే ఎంపీడీవోకు రాసివ్వండి. అక్కడా కదలకపోతే సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో ప్రజావాణి, అంటే జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం, ఉంటది. వోచర్ ప్రింటు, కొలతల కాగితం, ముద్ర పడిన పాత దరఖాస్తు నకలు జతచేసి, ఒక్క పేజీలో ఒక్క పని గురించే రాయండి. ఇచ్చాక రసీదు నంబరు తీసుకోండి, తర్వాత ఏమైందో అడగడానికి ఆ నంబరే ఆధారం.