దిగేటప్పుడు గేరు వదలకమ్మా

గజపతినగరం,
బుధవారం రాత్రి

చిట్టితల్లికి,

మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు కారు కొన్నావని చెప్పింది. సెకండ్ హ్యాండ్‌దైతేనేం, నీ జీతంతో కొన్నావు, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. ఆ మాట మీ అత్తకి మూడుసార్లు చెప్పాను. "విన్నాను, ఇక పడుకోండి" అంది. నాకు నిద్ర పడితేగా. మీ అమ్మ చివర్లో ఇంకో మాట చెప్పింది. వచ్చే ఆదివారం అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్తావట. వచ్చేటప్పుడు ఘాటీలో ఎన్‌లో, అంటే ఏ గేరూ లేకుండా న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తే చుక్క పెట్రోలు కాలదని మీ ఎదురింటాయన చెప్పాడట. "చూశావా అన్నయ్యా, తిరుగు ప్రయాణానికి ఖర్చే లేదు" అని మీ అమ్మ మురిసిపోతోంది.

ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నీకు కార్లంటే ఇష్టం లేదని నాకు తెలుసు. స్కూలు టైముకి బస్సు అందడం లేదని కొన్నావు. అందులో తప్పేం లేదు. కార్లంటే పడిచచ్చేవాళ్ల కంటే అవసరానికి నడిపేవాళ్లే నెమ్మదిగా నడపడం చూశాను. వాళ్లకొచ్చిన ఇబ్బంది ఒకటే, ఎవరేం చెప్పినా నమ్ముతారు. కారు గురించి సలహా చెప్పనివాడు ఈ జిల్లాలో ఒక్కడు లేడు.

కాగితాల సంగతి ముందు. పైడితల్లమ్మ గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించావట, సంతోషం. బండి నీ పేరు మీదకి మార్చే ఫారం 29, ఫారం 30 మీద అమ్మినాయన సంతకాలు తీసుకున్నావా? ఇన్సూరెన్స్ బండితోపాటే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అవతలివాళ్లకి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం చట్టప్రకారం వస్తుంది. నీ బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం పాలసీ నీ పేరు మీదకి మారితేనే. 14 రోజుల్లోపు కంపెనీకి రాసివ్వాలి. రేపే ఆ పని చూడు.

రెండోది టైర్లు. తక్కువ తిరిగిన బండి కాబట్టి టైర్లు కొత్తవాటిలా ఉన్నాయని మీ నాన్న అన్నాడట. తిరక్కపోయినా రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన సన్నని గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. టార్చి వేసి నాలుగూ చూడు, స్టెప్నీ మర్చిపోకు. అంకెలు నాకు ఫోన్లో పంపించు, నేను చెబుతాను.

గాలి గురించి మన వైపు ఒక మొండి నమ్మకం ఉంది. ఎండాకాలం గాలి వేడికి ఉబ్బుతుంది కాబట్టి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించాలంటారు. పూర్తిగా తప్పు. గాలి తక్కువైతే టైరు నేలకి ఎక్కువగా అణిగి, తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది. ఆ నలుగుడుకి లోపల వేడెక్కుతుంది, అలాంటి టైరే హైవే మీద పేలుతుంది. టైరు మీద రాసి ఉన్న నంబరు కూడా పట్టించుకోకు, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. నీ బండికి కావలసినది డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి అంచున స్టిక్కరు మీద ఉంటుంది, నిండా మనుషులుంటే ఎంతో కూడా రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నైట్రోజన్ కొట్టిస్తే ఇక చూసుకోనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్ ఉంది.

ఇక అసలు సంగతి. ఇక్కడినుంచి మీ అమ్మకి చదివి వినిపించకు.

1988లో, కార్తీకమాసం. రాయపూర్‌లో ఇనుము లోడు ఎత్తుకుని విశాఖపట్నం వస్తున్నాను. ఆ హైవేని అప్పుడు 43 అనేవాళ్లు, ఇప్పుడు మన వైపు భాగం 26వ నంబరు. జగ్దల్‌పూర్, కోరాపుట్ దాటి, సుంకి దగ్గర ఘాటీ దిగితే సాలూరు. సాలూరు అప్పుడు మన జిల్లాలోదే, నా ఓనరుదీ ఆ ఊరే. డీజిల్ కిలోమీటర్ల లెక్కన ఇచ్చేవాడు, మిగిల్చుకున్నది డ్రైవరుది. మాఘంలో మీ అమ్మ పెళ్లి పెట్టుకున్నాం. ఆమెకి ఒక జత బంగారు దిద్దులైనా నా చేత్తో చేయించాలని నా ఆశ. ఒక్కో ట్రిప్పుకి నాలుగైదు లీటర్లు మిగిలితే చాలనుకుని, దిగుడు వచ్చినచోటల్లా న్యూట్రల్ చేసేవాణ్ని. నాకు పని నేర్పిన గురువుగారు మాత్రం "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలిరా" అని వందసార్లు చెప్పారు. ఖాళీ బండితో రెండుసార్లు, లోడుతో ఒకసారి న్యూట్రల్‌లో దిగి ఏమీ కాలేదు కదా, ఆయనది పాతకాలం భయం అనుకున్నాను.

ఆ రోజు సాయంత్రం ఘాటీ మొదట్లోనే గేరు తీసేశాను. క్లీనరు పక్కనే ఉన్నాడు, పందొమ్మిదేళ్ల కుర్రాడు. నా చెయ్యి గేరు రాడ్డు మీద చూశాడు, నా మొహం చూశాడు, ఏమీ అనలేదు. డ్రైవరుకి క్లీనరు ఎలా చెబుతాడు? రెండు మలుపులు బాగానే దిగాం. బండి ఊపందుకున్నకొద్దీ బ్రేకు నొక్కుతూనే ఉన్నాను. ఇంజను పట్టి ఉంచాల్సిన బరువంతా బ్రేకు లైనర్ల మీద, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీల మీద పడింది. మూడో మలుపుకి వాసన వచ్చింది. గోనెసంచీ, వెంట్రుకలూ కలిపి కాల్చినట్టు ఉంటుంది ఆ వాసన. ఈరోజుకీ ఎక్కడ తగిలినా నాకు అరచేతులు చెమటలు పడతాయి. ఆ తర్వాత మలుపులో నొక్కితే పెడల్ కిందిదాకా వెళ్లిపోయింది. బండి ఆగలేదు.

"గురువుగారూ, గేరు! గేరు!" అని కుర్రాడు అరిచాడు. వేద్దామని చూశాను. ఆ వేగంలో పళ్లు కలవక గరగరమంది, పడలేదు. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. ఎదురుగా బస్సు వస్తే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. కొండకేసి తిప్పాను. కాలవలోకి చక్రం దిగి, రాయి ఒరుసుకుంటూ చాలా దూరం పోయి ఆగింది. కొండ తగిలింది ఎడమ పక్క. ఎడమ పక్క కూర్చున్నది వాడు.

కాలు రెండుచోట్ల విరిగింది. అతికింది గానీ పొట్టి అయిపోయింది. ఇప్పుడు రామభద్రపురం దగ్గర టీ కొట్టు నడుపుతున్నాడు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగుతాను, డబ్బులు తీసుకోడు.

మర్నాడు పొద్దున్న సాలూరు నుంచి మేస్త్రి వచ్చాడు. "బ్రేకు ఫెయిల్ అయింది" అని అందరికీ అప్పటికే చెప్పేశాను. ఆయన ఎక్కి పెడల్ నొక్కాడు. నిక్షేపంలా పట్టింది. రాత్రంతా చల్లారింది కదా. కాగిన లైనరుకి పట్టు ఉండదు, చల్లారితే మళ్లీ వస్తుంది. మేస్త్రికి అర్థమైపోయింది. నావైపు ఒకసారి చూసి దిగిపోయాడు, ఎవరికీ చెప్పలేదు. కుర్రాడూ చెప్పలేదు. మన ఇంట్లో అందరికీ అది ఇప్పటికీ బ్రేకు ఫెయిలే. నేనే ఫెయిల్ చేశానని మొదటిసారి నీకు రాస్తున్నాను. ఆ దిద్దులు అప్పు చేసి చేయించాను. మీ అమ్మ చెవులకి ఈరోజుకీ అవే ఉన్నాయి.

అందుకేనమ్మా, మీ ఎదురింటాయన మాట విని నాకు ఒళ్లు మండింది. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరో చెప్పింది నీకు చెప్పాడు. ప్రాణాల సంగతి పక్కన పెట్టినా ఆ లెక్కే తప్పు. ఇప్పటి పెట్రోలు బండి గేరులో ఉండి, నువ్వు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. లోపలి కంప్యూటరు అది చూసి పెట్రోలు ఆపేస్తుంది. ఎన్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండాలి కాబట్టి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. మిగిలేదేమీ లేదు. ఇంజను ఆపేసి దిగే మహానుభావులు కూడా ఉన్నారు. ఇంజను ఆగితే రెండుమూడు నొక్కులకి బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం తీస్తే స్టీరింగ్ లాకే పడిపోవచ్చు. ఆ పని కలలో కూడా చెయ్యకు.

"నాది ఆటోమేటిక్, గేర్లు ఉండవు" అన్నావట. ఉంటాయి తల్లీ, అదే మార్చుకుంటుంది, అంతే. దిగుడులో డిలో, అంటే మామూలుగా నడిపే చోట వదిలేస్తే పై గేరుకి వెళ్లిపోయి బండి వదులుగా పరుగెడుతుంది. రాడ్డు పక్కన ఎం అని, ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి, అక్కడ గేరు నువ్వే మార్చుకోవచ్చు. కొన్ని బండ్లకి ఎల్, అంటే తక్కువ గేరు, ఉంటుంది. డౌను మొదలవకముందే ఎంకి మార్చి రెండో గేరులోకి తెచ్చుకో. ఇంజను మోత పెరుగుతుంది. అమ్మ "ఏదో అయిపోతోంది" అని కంగారు పడుతుంది. ఏమీ కాదు, మీటరులో ముల్లు ఎర్ర గీత దాటనంతవరకూ అది ఇంజను బండిని పట్టి ఉంచుతున్న చప్పుడు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించు, వదిలెయ్, మళ్లీ అవసరమైతే నొక్కు. శనివారం సాయంత్రం నెల్లిమర్ల రోడ్డు మీద ఖాళీ చూసుకుని ఈ ఎం సంగతి పదిసార్లు అలవాటు చేసుకో. ఘాటీ మీద మొదటిసారి వెతుక్కోవద్దు.

ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపు, పక్కకి తీసి ఆగు. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తియ్యకు, మరిగే నీళ్లు మొహం మీదకి ఎగదన్నుతాయి. ఇరుకు దారిలో ఎదురెదురు పడితే ఎక్కే బండికే దారి, దిగేవాళ్లు ఆగాలి.

పైన పొగమంచు దిగితే అందరూ నాలుగు ఇండికేటర్లూ ఆడిస్తూ నడుపుతారు, అదేదో జాగ్రత్త అనుకుంటారు. అవి ఆగిపోయిన బండికి. కదిలే బండికి వేస్తే నువ్వు ఎటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు. హై బీమ్ కూడా వద్దు, మంచు మీద పడి నీ కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ వేసి నెమ్మదిగా రా. అసలు మంచు పడేదాకా ఉండకు. మూడింటికల్లా అరకులో బయలుదేరు. కాఫీ, వెదురు చికెన్ అని మీ నాన్న ఆలస్యం చేస్తాడు, నా పేరు చెప్పు.

గట్టిగా నొక్కినప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడితే భయపడి కాలు తీసెయ్యకు. అది ఏబీఎస్, చక్రం జారకుండా నీకు స్టీరింగ్ తిరిగేలా చూస్తోంది. ఇంకా గట్టిగా నొక్కి ఉంచు. ఏబీఎస్ ఉంది కదా అని ముందు బండికి అంటుకుని వెళ్లకు. ఇసుక మీద, కంకర మీద అది తొందరగా ఆపలేదు.

అమ్మకి బెల్టు పెట్టు. వెనక సీట్లో ఉన్నా పెట్టు. చీర నలుగుతుందంటుంది, వినకు. ఎయిర్‌బ్యాగ్ ఉంటే బెల్టు అక్కర్లేదన్నది కూడా జనం మాటే. బెల్టు మనిషిని పట్టి ఉంచితేనే ఆ సంచి కాపాడుతుంది, లేకపోతే ఎదురొచ్చి గుద్దుతుంది. నీ సీటు కింద నీళ్ల సీసా పెట్టుకోకు. దొర్లి బ్రేకు పెడల్ కిందకి చేరిందంటే నొక్కడానికి చోటు ఉండదు. ఇది రాస్తుంటేనే నాకు గుండె దడగా ఉంది.

తిట్టానని అనుకోకు. నువ్వు మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నా లారీ క్యాబిన్‌లో స్టీరింగ్ పట్టుకుని "మావయ్యా, నేను తోలతాను" అని ఏడ్చేదానివి. కాళ్లు అందేవి కావు. నా ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించేవాణ్ని. ఇప్పుడు అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కొండ ఎక్కుతానంటున్నావు. వెళ్లు. రైల్లో వెళ్లమని నేను అనను.

సాయంత్రం ఘాటీ దిగి బొడ్డవర చేరాక, రోడ్డు పక్కన బండి ఆపు. దిగి నాలుగు చక్రాల దగ్గరా వంగి వాసన చూడు. చెయ్యి పెట్టకు, నీళ్లు పొయ్యకు, ఊరికే వాసన చూడు. ఏ వాసనా లేకపోతే నాకు ఫోన్ చెయ్యి. వాసన వచ్చినా చెయ్యి, ఏమీ అనను. చల్లారేదాకా అక్కడే కూర్చోండి, నేను బస్సెక్కి వస్తాను.

మీ మావయ్య