టెక్ సందేహాలు: పేరు మారితే ఆయుధం మారుతుందా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంజినీరింగ్ చదువుతూ సొంతంగా ఒక రోగ్‌లైక్ గేమ్ (నేలమాళిగలో గళ్ల మీద వంతులవారీగా రాక్షసులతో పోరాడే ఆట) చేస్తున్నాను. విల్లు, క్రాస్‌బో, విసిరే కత్తి, తుపాకీ, వడిసెల పెట్టాను. డ్యామేజీ ఎంత మార్చినా అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు ఆడినవాళ్లు. పర్లాకిమిడి, పాతపట్నం ఫ్రెండ్స్‌కి వాట్సాప్ గ్రూపులో ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపాను. మీకూ జతచేస్తున్నాను, ఆడి చెప్పండి.

జవాబు: ఏపీకే తెరవలేదు. ఆ సంగతి తర్వాత.

గేమ్‌లు చేసే కుర్రాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు. అందరూ చేసేదీ ఒకటే. స్ప్రెడ్‌షీట్‌లో డ్యామేజీ విల్లుకి 6, క్రాస్‌బోకి 11, తుపాకీకి 20 వేసి, బొమ్మ మార్చి ఊరుకుంటారు. ఆడేవాడికేం, పెద్ద అంకె ఉన్నది ఉంచుకుని మిగతావి పారేస్తాడు.

1980లో వచ్చిన రోగ్ అనే ఆట నుంచీ ఈ తరహా ఆటల్లో అసలు ఖర్చు వంతు. మీరు ఒక పని చేస్తే శత్రువు ఒక అడుగు వేస్తాడు. కాబట్టి ఏ ఆయుధం ఎన్ని వంతులు తింటుందో తేల్చండి. శత్రువు 5 గళ్ల దూరంలో ఉన్నాడనుకుందాం. విల్లుతో వాడు పక్కకొచ్చేలోగా నాలుగు బాణాలు వేయొచ్చు, మొత్తం 24. క్రాస్‌బో మళ్లీ ఎక్కుపెట్టడానికి రెండు వంతులు పడితే రెండే దెబ్బలు, 22. ఇప్పుడు వాడికి ప్రతి దెబ్బలో 4 తగ్గించే కవచం తొడగండి. విల్లు 8కి పడిపోతుంది, క్రాస్‌బో 14 దగ్గర నిలబడుతుంది. అంకెలు అవే, ఒక్కటీ మార్చలేదు. ఎదురుగా ఉన్నవాణ్ని చూసి ఆయుధం ఎంచుకునే పని మాత్రం ఆటగాడికి వచ్చింది.

విసిరే కత్తికి నెట్‌హాక్ చూడండి. 1987 నాటి ఆట. అందులో తగిలిన బాణం చాలాసార్లు విరిగి మాయమవుతుంది, కత్తి విరగదు. దాన్ని తెచ్చుకోవాలంటే మాత్రం శత్రువులున్న వైపుకే నడవాలి. తుపాకీ పేలితే ఆ అంతస్తులో నిద్రపోతున్నవన్నీ లేవాలి. వడిసెల దెబ్బ చిన్నదే, కానీ రాళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. మంచె మీద పిట్టలను తోలేవాళ్లెవరూ రాళ్లు కొనుక్కుని వెళ్లరు కదా!

ఇక ఏపీకే. నాకు టెన్షన్ పుట్టించింది అదే. పెళ్లి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో ఏపీకేలు పంపి, ఎస్‌ఎంఎస్ అనుమతి లాక్కుని, ఓటీపీలు చదివి ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. మీ గేమ్ మంచిదే కావచ్చు. కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి మీ ఫ్రెండ్స్ వాట్సాప్‌కి ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతి ఇచ్చే ఉంటారు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ అనుమతి ఏ యాప్‌కి ఆ యాప్‌కి విడివిడిగా ఉంటుంది, మనం తీసేదాకా అలాగే ఉండిపోతుంది. అదే ఫోన్ రేపు వాళ్ల నాన్నగారి చేతిలో ఉన్నప్పుడు శుభలేఖ వస్తే? ఈ రోజే గ్రూపులో పెట్టి అందరిచేతా తీయించండి. డబ్బు పోయినవాళ్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ గేమ్ ఏ అనుమతులు అడుగుతోందో కూడా చూడండి. ఉచితంగా దొరికిందని తెచ్చిపెట్టుకున్న ప్రకటనల ప్లగిన్ (గేమ్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్) మీకు తెలియకుండానే కాంటాక్టులు అడగొచ్చు. నేలమాళిగలో రాక్షసులను కొట్టడానికి కాంటాక్టులెందుకు?

కుర్రాళ్లనే అని ఏం లాభం! చవక ఫోన్లలో కొన్ని డబ్బాలోంచే సొంత యాప్ స్టోర్‌తో వస్తాయి. దానికి ఆ అనుమతి ముందే ఇచ్చేసి ఉంటుంది. అర్ధరాత్రి అప్‌డేట్ పేరుతో మనం అడగని రమ్మీ యాప్‌నీ అప్పుల యాప్‌నీ తెచ్చి తెరమీద పెడుతుంది. మీ ఏపీకేకి ఎర్రగా హెచ్చరిక చూపించే ఫోన్ దీనికి కిక్కురుమనదు. తీసేద్దామంటే ‘డిసేబుల్’ తప్ప ‘అన్‌ఇన్‌స్టాల్’ ఉండదు. డబ్బు పెట్టి కొన్నది మనం, పెత్తనం వాళ్లది.

సరే, మీ గేమ్ సంగతి. బ్రౌజర్‌లో ఆడే వెబ్ బిల్డ్ చేసి లింకు పంపండి, ఇన్‌స్టాల్ గొడవే ఉండదు. ఫోన్‌లో యాప్‌గానే కావాలంటే ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్‌లో (విడుదలకు ముందు ఎంపిక చేసినవాళ్లకే ఇచ్చే పద్ధతి) 100 మంది వరకు చేర్చుకోవచ్చు, డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. లింకు వస్తే ముందు వడిసెలతోనే ఆడతాను.