అరుగుదల వంటింటి వాసనతోనే మొదలవుతుంది

"ఘుమఘుమలాడే వంట నిజంగానే బాగా అరుగుతుందా, లేక అది మన భ్రమా?" అని ఒకరు అడిగారు. నిజంగానే అరుగుతుంది. మా నాన్న విషయంలో ఇది నేను కళ్లారా చూశాను.

టైఫాయిడ్‌తో ఆయన అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ప్లాస్టిక్ కవర్లో చల్లారిపోయి వచ్చే ఇడ్లీ రెండు ముక్కలు తినగానే పొట్ట బిగిసిందని పక్కన పెట్టేసేవారు. ఇంటికి వచ్చాక, మామూలు భోజనం పెట్టవచ్చని డాక్టరు చెప్పిన మీదట, అమ్మ రాగిసంకటి కెలికి, ఊరుబిండి అనే పచ్చడి కోసం చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలను సన్నని సెగపై వేయించసాగింది. పొట్టు చిట్లి నల్లమచ్చలు పడే వేళకు ఆ కమ్మని వాసన నడిమింట్లోని మంచం దాకా వెళ్లింది. నాన్న లేచి కూర్చుని, గుటక మింగి, "ఏమే, చెనిక్కాయలు ఏంచుతాండావా?" అన్నారు. పొగలు కక్కే ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి, నెయ్యి పోసి, కారం తగ్గించిన ఊరుబిండితో పెడితే, ముద్దంతా తిని హాయిగా నిద్రపోయారు. జ్వరం తగ్గినందుకే ఆకలి వేసిందని మా తమ్ముడు వాదిస్తాడు కానీ, ఆసుపత్రిలో చివరి రోజుల్లోనూ జ్వరం లేదు, ఆ ఇడ్లీ మాత్రం మింగుడుపడలేదు.

జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్, కుక్క మింగిన ఆహారం కడుపులోకి చేరకుండా గొంతు దగ్గరే బయటికి పడిపోయేలా ఏర్పాటు చేసినా, దాని జీర్ణాశయంలో ఆహారాన్ని అరిగించే జఠరరసం ఊరుతూనే ఉందని చూపించాడు. మెదడు నుంచి కడుపుకు కబురు మోసే వేగస్ నాడిని కోసేస్తే ఆ ఊట ఆగిపోయింది. చూపు, వాసన, రుచి, నమలడం ఆ నాడి ద్వారానే కడుపును ముందుగా సిద్ధం చేస్తాయి. నోట ఊరే లాలాజలం కూడా ఉత్త తడి కాదు, అందులోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని నోట్లోనే విడగొట్టడం మొదలుపెడుతుంది.

అందుకే ఫోను చూస్తూ, కంచంలో ఏముందో గమనించకుండా మింగే మా ఇంటి పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. గ్యాసు మాత్రలకు పెట్టే ఖర్చులో సగం ఈ అలవాటు వల్లనేనని నా గట్టి నమ్మకం. రోగులకు పథ్యం పెట్టేవారికీ ఒక విన్నపం: కారం, నూనె తగ్గించమంటే తగ్గించండి, కానీ డాక్టరు వద్దననంత వరకు జీలకర్ర, కరివేపాకు వేసిన చిన్న తాలింపును మానకండి, ఏది పెట్టినా వేడిగా, కంచంలోనే పెట్టండి.