మీ రిపోర్టును మీ శ్రీమతి రిపోర్టుతో పోల్చకండి

ప్రశ్న: నా వయసు 63. షుగర్ ఉంది. కుడికన్ను మసకగా ఉందంటే వీఈపీ (కంటి నుంచి మెదడుకు వెళ్లే దృష్టి నరం పనితీరు చూసే) పరీక్ష చేయించారు. పీ-100 కుడికంటికి 109, ఎడమకంటికి 107 మిల్లీసెకన్లు. నార్మల్ అన్నారు. కానీ రెండేళ్ల కిందట వేరే ఊళ్లో మా ఆవిడకు (58) తలనొప్పికని ఇదే పరీక్ష చేస్తే 101 వచ్చింది. పాలు మాడిన వాసన కూడా ముందు ఆమెకే తెలుస్తుంది. నా మెదడు మందగిస్తోందా?
– ఓ పాఠకుడు, గుంటూరు

సమాధానం: లేదండీ. జ్ఞాపకశక్తికీ చురుకుదనానికీ ఈ అంకెతో సంబంధం లేదు. పరీక్షలో తెర మీద నలుపు తెలుపు గళ్లు చూశారు కదా. అవి తారుమారైన ప్రతిసారీ మెదడు వెనక భాగంలోని దృష్టి కేంద్రంలో చిన్న విద్యుత్ తరంగం లేస్తుంది. అది దాదాపు 100 మిల్లీసెకన్లకు శిఖరం చేరుతుంది కాబట్టే దానికి పీ-100 అని పేరు.

ఆడవాళ్లలో ఈ తరంగం సగటున కొన్ని మిల్లీసెకన్లు ముందే వస్తుంది, కాస్త ఎత్తుగానూ ఉంటుంది. తల చిన్నది కావడం ఒక కారణం, హార్మోన్ల పాత్ర కూడా ఉండవచ్చు. చెవికి చేసే బెరా పరీక్షలోనూ ఇదే తంతు. ఇక వయసు పెరిగేకొద్దీ కనుపాప చిన్నదవుతుంది, లెన్సు పసుపు రంగుకు తిరుగుతుంది, నరాల పైపొర పలచబడుతుంది. తరంగం ఆలస్యమవుతుంది. అందుకే మంచి ల్యాబులు తమ యంత్రానికి తగ్గట్టు, వయసును బట్టి, ఆడవారికీ మగవారికీ వేర్వేరుగా నార్మల్ పట్టికలు పెట్టుకుంటాయి. వేరే ఊళ్లో, వేరే యంత్రం మీద వచ్చిన 101తో మీ 109ని తూచలేం. నేనైతే ముందు రెండు కళ్ల మధ్య తేడా చూస్తాను. మీకది రెండే. పది దాకా ఉంటే ఆలోచించేవాణ్ని. అన్నట్టు, పరీక్షకు కళ్లజోడు పెట్టుకునే కూర్చున్నారా? జోడు జేబులో పెట్టుకుని కూర్చునేవారు చాలామంది. గళ్లు అలుక్కుపోతే తరంగం ఆలస్యంగానే వస్తుంది.

వాసన విషయంలోనూ ఆడవాళ్లది కొంచెం పైచేయి. అరవై దాటాక ఎవరికైనా తగ్గుతుంది. పొగతాగేవారికి, సైనస్ ఉన్నవారికి ఇంకా ముందే. అయితే వాసన తెలియకపోవడంతో పాటు మలబద్ధకం, నిద్రలో కేకలు వేయడం, కాళ్లు తన్నడం ఉంటే న్యూరాలజిస్టును కలవండి. పార్కిన్సన్స్ జబ్బు చేతి వణుకు కన్నా ఏళ్ల ముందే ఇలా మొదలుకావచ్చు. వంటగ్యాస్‌ లీకైతే తెలియడానికే దానికి ఆ ఘాటు వాసన కలుపుతారు. అది మీకు పట్టకపోతే వంటింట్లో లీకేజీ అలారం పెట్టించండి.

మీరు అడగలేదు గానీ, నాకు అసలు దిగులు ఆ కుడికన్ను గురించే. నరం బాగుందని తేలినంత మాత్రాన మసకకు కారణం దొరికినట్టు కాదు. షుగర్ ఉన్నవారిలో రెటీనా దెబ్బతినవచ్చు, శుక్లం ముదరవచ్చు. ఈ వారంలోనే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు చెదురుతుంది కాబట్టి బండి నడపవద్దు, మీ శ్రీమతిని తోడు తీసుకెళ్లండి.